తమ్ముడు కొకైన్ తగ్గించాడు, పూర్తిగా మానలేదు. ఒంటికి మేలు జరుగుతున్నట్టేనా?

బరంపురం_అక్క
అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని బరంపురం, పెద్దబజారు వైపు. నాన్నగారిది పట్టుచీరల వ్యాపారం. తమ్ముడు హైదరాబాద్‌లో ఒక ఈవెంట్ కంపెనీలో చేసేవాడు. అక్కడి పార్టీల్లో కొకైన్ అలవాటైంది. ఎప్పుడో ఒకసారి అన్నది వారంలో నాలుగైదు రోజుల దాకా వచ్చింది. జీతం చాలక లోన్ యాప్‌లలో అప్పులు చేశాడు. వాళ్ళు అమ్మ ఫోన్‌కి చెయ్యడం మొదలుపెట్టాక గానీ మాకు సంగతి తెలియలేదు.

ఇంటికి తీసుకొచ్చి సైకియాట్రీ ఓపీలో చూపించాం. దీనికి ప్రత్యేకంగా మాత్ర లేదు, కౌన్సెలింగే వైద్యం అన్నారు. కొన్ని నెలలుగా వారం వారం వెళ్తున్నాడు. ఇక్కడ ఉన్నన్నాళ్ళూ ముట్టడు. పని మీద హైదరాబాద్ వెళ్ళినప్పుడు మాత్రం నెలలో ఒకటి రెండుసార్లు జారుతున్నాడు. వచ్చి తనే చెప్తాడు, దాచడు.

ఇదివరకు తలగడ గలీబు మీద ఎప్పుడు చూసినా రక్తపు చుక్కలుండేవి. నేనే చల్లనీళ్ళలో నానబెట్టి, ఉప్పు రాసి ఉతికేదాన్ని, అమ్మ చూడకుండా. ఇప్పుడు ఆ మరకలు లేవు. రాత్రిపూట నిద్రపోతున్నాడు. బీపీ దిగింది. అందరితో కూర్చుని అన్నం తింటున్నాడు. నాన్నగారు మాత్రం "మానాడా, మానలేదా? ఒక్క ముక్కలో చెప్పు" అంటారు. తగ్గించాడు అంటే ఆయన చెవికి ఎక్కదు. వాడేమో ఆ మాట విన్న రోజు గదిలోంచి బయటికి రాడు.

తగ్గించడం వల్ల ఒంటికి నిజంగా లాభం ఉందా, లేక నేను తమ్ముడి మీద ప్రేమకొద్దీ అలా అనుకుంటున్నానా? తెలిసినవాళ్ళు చెప్పండి.

గుణుపురం_మాస్టారు
అమ్మా, నీ బాధ అర్థమైంది. కానీ మీ నాన్నగారి పక్షాన ఒక మాట చెప్పాలి. చిన్న పామునైనా పెద్ద కర్రతో కొట్టాలన్నారు పెద్దలు. నెలకు రెండుసార్లు అంటే ఆ తలుపు ఇంకా తెరిచే ఉందని అర్థం. ముప్ఫై ఏళ్ళు బడిలో చెప్పాను, తాగుడు తగ్గించుకుంటామన్న తండ్రుల్ని ఎంతమందినో చూశాను. పండగ రాగానే మళ్ళీ మొదటికే వచ్చేవారు. తగ్గించడాన్ని మెచ్చుకుంటే అక్కడే ఆగిపోతాడని నా భయం.

పర్లాకిమిడి_డాక్టర్
మాస్టారి భయంలో నిజం ఉంది, దానికి తర్వాత వస్తాను. ముందు అక్క అడిగిన ప్రశ్నకి జవాబు. అవునమ్మా, లాభం ఉంది. అది మీ ఊహ కాదు, కొలిచి చూసిన విషయం.

కొకైన్ లోపలికి వెళ్ళగానే గుండె వేగం, బీపీ పెరుగుతాయి. అదే సమయంలో గుండెకి రక్తం తెచ్చే నాళాలు బిగుసుకుంటాయి. అంటే గుండెకి పని పెరిగి, అందే రక్తం తగ్గుతుంది. పైగా రక్తం గడ్డకట్టే గుణం కూడా ఎక్కువవుతుంది. 1999లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం, తీసుకున్న మొదటి గంటలో గుండెపోటు ముప్పు మామూలు కంటే సుమారు 24 రెట్లు. ఇది వయసు మళ్ళినవాళ్ళ కథ కాదు, పాతికేళ్ళ కుర్రాళ్ళకీ వస్తుంది. కాబట్టి నెలలో అలాంటి గంటలు ఇరవై నుంచి రెండుకి పడిపోతే, ఆ మేరకు ముప్పు తగ్గినట్టే.

రెండోది, రక్తనాళాల లోపలి పొర. అది దెబ్బతింటున్నప్పుడు ఎండోథెలిన్-1 అనే పదార్థం రక్తంలో పెరుగుతుంది. పూర్తిగా మానినవాళ్ళలోనే కాదు, తగ్గించినవాళ్ళలో కూడా అది దిగినట్టు అమెరికాలో జరిగిన ఒక ప్రాథమిక పరిశోధనలో కనిపించింది.

2024లో మరో పెద్ద విశ్లేషణ వచ్చింది. కొకైన్, మెథాంఫెటమిన్ లాంటి ఉత్తేజం కలిగించే మత్తుపదార్థాలు వాడేవాళ్ళ మీద జరిగిన 13 క్లినికల్ ట్రయల్స్ వివరాలన్నీ కలిపి చూశారు. నెలకు ఐదు రోజులు, అంతకంటే ఎక్కువ వాడేవాళ్ళు నాలుగు రోజులకో అంతకన్నా తక్కువకో వచ్చినప్పుడు, ఏ మార్పూ లేనివాళ్ళతో పోలిస్తే వాళ్ళలో ఆ మత్తుపదార్థం కోసం తహతహ 60 శాతం, డిప్రెషన్ తీవ్రత 40 శాతం తక్కువగా ఉన్నాయి. పూర్తిగా మానినవాళ్ళకి ఇంకా ఎక్కువ మేలు జరిగింది, అందులో సందేహం లేదు. కానీ ఆ ట్రయల్స్‌లో మానినవాళ్ళ కంటే తగ్గించినవాళ్ళే ఎక్కువమంది. వాళ్ళందరినీ ఫెయిల్ కింద రాసేస్తే కళ్ళెదుట ఉన్న మేలుని చూడనట్టే.

షుగర్ పేషెంటుకి మూడు నెలల సగటు 11 నుంచి 8కి దిగితే వైద్యం పనిచెయ్యలేదని ఎవరమూ అనం. ఇంకా దించాలి అంటాం.

ముక్కు సంగతి. పొడి తగిలిన ప్రతిసారీ లోపలి నాళాలు బిగుసుకుని కణజాలానికి రక్తం అందదు. అలా ఏళ్ళ తరబడి సాగితే మధ్య గోడకి రంధ్రం పడుతుంది, అది దానంతటది పూడదు. గోడ ఇంకా చెడకపోతే పైపొర మాత్రం మానుతుంది. తమ్ముణ్ణి ఒకసారి ఈఎన్‌టీకి చూపించండి, ఈసీజీ కూడా తీయించండి.

ఇప్పుడు మాస్టారి భయం. ఇంత తీసుకుంటే ఏం కాదు అని చెప్పగలిగే మోతాదు కొకైన్‌కి లేదు. పైగా కొంతకాలం ముట్టకపోతే శరీరం తట్టుకునే శక్తి తగ్గుతుంది. పాత లెక్కన తీసుకుంటే అదే ప్రాణం మీదికి తెస్తుంది. తగ్గినందుకు సంతోషించాలి, ఇక చాలులే అనుకోకూడదు.

జయపురం_కుర్రాడు
అక్కా, నేను గోవాలో హోటల్ లైన్‌లో ఉండగా ఇందులో పడ్డాను. ఇప్పుడు జయపురంలోనే ఉంటున్నా. మీ తమ్ముడి పరిస్థితి నాకు బాగా తెలుసు కాబట్టి రాస్తున్నా.

కౌన్సెలింగ్ అంటే నాకు తిట్లు, నీతులు పడతాయనుకున్నా. మా కౌన్సెలర్ ఆవిడ ఒక 200 పేజీల నోటుబుక్కు చేతిలో పెట్టింది. తీసుకున్న రోజు, తీసుకోవాలనిపించి ఆగిన రోజు, రెండూ రాయాలి. ఎక్కడున్నాను, ఎవరున్నారు, జేబులో ఎంత ఉంది, గంట ముందు ఏం జరిగింది, తర్వాతి రోజు ఎలా ఉంది. అంతే. మొదట్లో విసుగ్గా రాశాను. కొన్ని వారాలు పోయాక ఆ పేజీలు ఇద్దరం ముందేసుకుని చూస్తే అన్నిట్లో మూడే కనిపించాయి. జీతం పడిన రోజు, రెండు పెగ్గుల తర్వాత, ఒకే ఒక్క ఫ్రెండు. నేను "బుర్ర బాగోలేనప్పుడు తీసుకుంటాను" అని నమ్మేవాణ్ణి. నోటుబుక్కు అలా చెప్పలేదు.

అక్కణ్ణుంచి పని మొదలైంది. జీతం అమ్మ అకౌంటుకి మళ్ళించాను. ఫోన్‌లో యూపీఐ రోజువారీ లిమిట్ బాగా తగ్గించేశాను. మందు పార్టీకి వెళ్ళడమే మానేశాను, ఎందుకంటే తాగకుండా నేను ఎప్పుడూ కొకైన్ దాకా వెళ్ళలేదు. ఆ ఫ్రెండు ఫోన్ చేస్తే ఏం చెప్పాలో కౌన్సెలర్ ముందు గట్టిగా పలికి ప్రాక్టీస్ చేశాను. "రాలేను రా, డ్యూటీ ఉంది" అంటే వాడు ఇంకో రోజు అడుగుతాడు. "నేను ఆపేస్తున్నాను, నాకు చెయ్యకు" అనడం నేర్చుకోవడానికి చాలా రోజులు పట్టింది.

నేనూ ఒక్కసారిగా మానలేదు. తగ్గుతూ తగ్గుతూ వచ్చాను. ఆ మధ్యకాలంలో మా నాన్న "ఈ నెల కొంచెం నయమేనా?" అని అడిగేవారు. ఆ ఒక్క ప్రశ్న కోసమే నిజం చెప్పేవాణ్ణి.

పర్లాకిమిడి_డాక్టర్
మందు సంగతి జయపురం బాబు బాగా గుర్తుచేశాడు. మద్యం, కొకైన్ కలిస్తే లివర్‌లో కోకాఎథిలీన్ అనే మూడో పదార్థం తయారవుతుంది. అది కొకైన్ కంటే ఎక్కువసేపు ఒంట్లో ఉంటుంది, గుండెకి ఇంకా చెడ్డది. మందు ఆపితే రెండు విధాలా మేలు. కానీ ఒక జాగ్రత్త. కొకైన్ ఆపితే నీరసం, విపరీతమైన నిద్ర, ఆకలి, దిగులు వస్తాయి. రోజూ బాగా తాగే మనిషి మద్యం ఒక్కసారిగా ఆపేస్తే ఫిట్స్ రావచ్చు. అలాంటివాళ్ళు డాక్టరు చూస్తుండగానే ఆపాలి.

బరంపురం_అక్క
జయపురం తమ్ముడూ, నువ్వు రాసింది చదువుతుంటే కళ్ళు చెమర్చాయి. మా వాడికీ ఇలాంటి పుస్తకమే ఇచ్చారు, లోపల ఏం రాస్తాడో నేను అడగలేదు.

ఇంకో సందేహం. టెస్టులో ఏమీ లేదని తేలితే బహుమతులిచ్చే పద్ధతి ఒకటుందని కౌన్సెలర్ చెప్పారట. మేమూ ఇంట్లో అలా చెయ్యొచ్చా? ఆన్‌లైన్‌లో యూరిన్ కిట్లు దొరుకుతున్నాయి.

ఇచ్ఛాపురం_కౌన్సెలర్
నేను డీఅడిక్షన్ కౌన్సెలింగ్ చేస్తాను, బరంపురం నుంచి కూడా నా దగ్గరికి వస్తుంటారు. ఈ పద్ధతిని కంటింజెన్సీ మేనేజ్‌మెంట్ అంటారు. కొకైన్ విషయంలో ప్రపంచంలో ఇప్పటిదాకా అన్నిటికంటే గట్టి ఆధారాలున్న వైద్యం ఇదే.

1990ల మొదట్లో అమెరికాలోని వెర్మాంట్‌లో స్టీఫెన్ హిగ్గిన్స్ బృందం దీన్ని కొకైన్ వాడేవాళ్ళ మీద పరీక్షించింది. వారానికి మూడుసార్లు మూత్ర పరీక్ష. ఎందుకు మూడుసార్లంటే కొకైన్ ఆనవాలు మూత్రంలో రెండు మూడు రోజులే దొరుకుతుంది, వారానికోసారి చూస్తే మధ్యలో జరిగింది తెలియదు. రిజల్టు శుభ్రంగా ఉంటే అక్కడికక్కడే ఒక వోచర్. మొదటిది రెండున్నర డాలర్లు. వరసగా శుభ్రంగా వచ్చినకొద్దీ విలువ పెరుగుతుంది. మధ్యలో తప్పితే మళ్ళీ మొదటి విలువకి వస్తుంది. చేతికి నగదు ఇవ్వరు, మంచి పనికి పనికొచ్చే వస్తువో సేవో కొనిపెడతారు. తర్వాత నాన్సీ పెట్రీ అనే శాస్త్రవేత్త ఖర్చు తగ్గించడానికి చీటీలు తీసే పద్ధతి తెచ్చారు. గాజు గిన్నెలో చీటీలుంటాయి, సగం చీటీల్లో శభాష్ అని మాత్రమే ఉంటుంది, చాలావాటికి చిన్న బహుమతి, ఒక్కదానికి పెద్దది. అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రుల్లో 2011 నుంచీ ఇది నడుస్తోంది.

ఇక్కడ ముఖ్యమైన సంగతి గమనించండి. తప్పిన రోజు వోచర్ రాదు, అంతే. తిట్టరు, కేకలు వెయ్యరు, గెంటెయ్యరు. రెండు రోజుల తర్వాత మళ్ళీ పరీక్ష, మళ్ళీ అవకాశం.

ఇంట్లో యూరిన్ కిట్ మాత్రం వద్దని నా గట్టి సలహా. అక్క చేతిలో కప్పు చూసిన రోజు నుంచీ మీరు అక్క కాదు, పోలీసు. పరీక్ష క్లినిక్‌లోనే జరగనివ్వండి. బహుమతి మాత్రం మీరివ్వవచ్చు, కౌన్సెలర్‌తో మాట్లాడి రాసుకుని. వాడికి ఇష్టమైనది, చిన్నది, ఆ రోజే అందేది అయ్యుండాలి. నా దగ్గరికి వచ్చే ఒక కుటుంబంలో శుభ్రంగా వచ్చిన ప్రతిసారీ నాన్నగారు కొడుకుని బండి మీద గోపాలపూర్ బీచికి తీసుకెళ్తారు. ఇచ్చింది ఎప్పుడూ తిరిగి లాక్కోకండి.

గుణుపురం_మాస్టారు
కౌన్సెలర్ గారూ, మీ అనుభవం మీద గౌరవంతోనే అడుగుతున్నాను. చెడు మానడానికి బహుమతి ఇవ్వడం లంచం కాదా? ఏ వ్యసనమూ లేని పక్కింటి పిల్లాడికి ఏమిస్తాం? బహుమతి ఆగగానే మళ్ళీ మొదలుపెట్టడా?

ఇచ్ఛాపురం_కౌన్సెలర్
మాస్టారూ, లంచం తప్పు పని చేయించడానికి ఇస్తారు. ఇక్కడ జరిగేది వేరు. కొకైన్ ఇచ్చే సుఖం నిమిషాల్లో అందుతుంది. మానితే వచ్చే లాభాలు, ఆరోగ్యం, అప్పులు తీరడం, పెళ్ళి సంబంధం, ఇవన్నీ నెలల తర్వాతివి. ఏళ్ళ తరబడి వాడిన మెదడుకి దూరంగా ఉన్న లాభం చాలా చిన్నదిగా కనిపిస్తుంది. అందుకని మానిన రోజునే చేతికందే లాభం ఒకటి పెడతాం, ఆ దూరపు లాభాలు అందేదాకా.

బహుమతి ఆగాక కొందరు జారడం నిజం. అందుకే ఒక్క బహుమతులతో వదిలెయ్యం. జయపురం బాబు చెప్పాడే, ఆ నోటుబుక్కు పని, అది కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీలో, అంటే ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చుకోవడం నేర్పే కౌన్సెలింగ్‌లో భాగం. అక్కడ నేర్చుకున్న నైపుణ్యం థెరపీ అయ్యాక కూడా మనిషితో ఉంటుంది. రెండూ కలిపి చెయ్యడం మంచిదని నా అభిప్రాయం. మన జిల్లాల్లో వోచర్ల పద్ధతి దాదాపు లేనట్టే, నోటుబుక్కు పని మాత్రం మంచి కౌన్సెలర్ ఉన్న ప్రతిచోటా జరుగుతుంది.

గుణుపురం_మాస్టారు
తప్పిన రోజు తిట్టరు, కానీ ఇవ్వరు కూడా, అన్న మాట నాకు నచ్చింది. బడిలో మేం అలా చెయ్యగలిగితే బాగుండేది. పూర్తిగా మానడమే లక్ష్యంగా ఉండాలన్న నా మాట మీద నేనుంటాను.

రాయగడ_లక్ష్మి
చాన్నాళ్ళుగా ఇక్కడ చదువుతున్నాను, ఇప్పుడే మొదటిసారి రాస్తున్నాను. మా ఆయనది ముంబైలో ఉద్యోగం, అక్కడే అలవాటైంది. సెలవు పెట్టి ఇంటికి వచ్చారు. ఆసుపత్రికి వెళ్దామంటే పేరు రాసుకుని పోలీసులకి ఇస్తారని భయపడుతున్నారు. మా అత్తగారికి ఇంకా తెలియదు. నిజంగా కేసు పెడతారా?

వకీలు_బరంపురం
అమ్మా, ధైర్యంగా వెళ్ళండి. వైద్యం కోసం వచ్చినవాడి వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది.

కొకైన్ వాడకం నేరమే. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్) 27వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు, లేదా 20 వేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. కానీ అదే చట్టంలో 64ఎ అనే సెక్షన్ ఉంది. వాడకం కేసులోగానీ, చిన్న పరిమాణం కేసులోగానీ ఉన్న వ్యసనపరుడు తనంతట తానుగా ప్రభుత్వ ఆసుపత్రిలోనో ప్రభుత్వ గుర్తింపు ఉన్న సంస్థలోనో వైద్యం చేయించుకుంటే ఆ కేసులో విచారణ నుంచి రక్షణ ఉంటుంది. కొకైన్‌కి చిన్న పరిమాణం అంటే 2 గ్రాములు. వైద్యం మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. అందుకని ఓపీ చీట్లు, కౌన్సెలింగ్ తేదీలు అన్నీ ఒక ఫైలులో జాగ్రత్తగా పెట్టుకోండి. అమ్మినవాళ్ళకీ, ఎక్కువ పరిమాణం దగ్గర పెట్టుకున్నవాళ్ళకీ ఇది వర్తించదు.

మోడరేటర్
ఎక్కడ దొరుకుతుంది, ఎంతకి దొరుకుతుంది అన్న సందేశాలు రెండు తొలగించాను. మళ్ళీ పెడితే సభ్యత్వం పోతుంది.

బరంపురం_అక్క
వచ్చే నెల మా ఊళ్ళో ఠాకురాణీ యాత్ర. రెండేళ్ళకోసారి వచ్చే పండగ, ఊరంతా వీధుల్లోనే ఉంటుంది. తమ్ముడి హైదరాబాద్ స్నేహితులు చూడ్డానికి వస్తామంటున్నారు. రావద్దంటే బాధపడతాడు, రమ్మంటే నాకు టెన్షన్. ఏం చెయ్యమంటారు?

నిన్న డాక్టరు గారి పోస్టు నాన్నగారికి చదివి వినిపించాను. ఏమీ అనలేదు గానీ "ఆ ఈసీజీ ఎప్పుడు తీయిస్తున్నావు?" అని అడిగారు.

ఇచ్ఛాపురం_కౌన్సెలర్
మంచి ప్రశ్న అడిగారు. నిర్ణయం మీరు తీసుకోకండి, తమ్ముణ్ణే ఈ వారం సెషన్‌లో ఇది ముందు పెట్టమనండి. వచ్చేవాళ్ళలో వాడేవాళ్ళెవరు, వాడనివాళ్ళెవరు అని తనే విడదీసి చెప్పగలగాలి. వాడనివాళ్ళని ఇంటికే పిలవండి, అమ్మ చేతి భోజనం పెట్టండి. మిగతావాళ్ళకి ఏం చెప్పాలో తను ముందే మాటలు సిద్ధం చేసుకుంటాడు. పండగ రోజుల్లో తనకో పని అప్పజెప్పండి, దుకాణంలోనో, మీ వీధి పందిట్లోనో. చేతిలో డబ్బు తక్కువ ఉండాలి, తోడుగా ఒకరుండాలి. తహతహ మొదలైతే చాలాసార్లు అరగంటలోపే పెరిగి, దానంతటదే తగ్గుతుంది. ఆ అరగంట ఎవరితో గడపాలో పేరు ముందే రాసుకోవాలి. జారితే మర్నాడే కౌన్సెలర్‌ని కలవాలి, పండగ అయ్యేదాకా ఆగకూడదు.

పర్లాకిమిడి_డాక్టర్
దీనికి ఒక్కటే చేరుస్తాను. ఎప్పుడైనా తీసుకున్నాక ఛాతీనొప్పి, ఆయాసం, ఒకవైపు చెయ్యి తిమ్మిరి, విపరీతమైన తలనొప్పి ఏది వచ్చినా గ్యాస్ అనుకుని ఇంట్లో కూర్చోవద్దు. వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి. అక్కడ కొకైన్ తీసుకున్నాడని సిగ్గుపడకుండా చెప్పండి. గుండెపోటులో మామూలుగా ఇచ్చే బీటా బ్లాకర్ల లాంటి మందుల్ని కొకైన్ ఒంట్లో ఉన్నప్పుడు డాక్టర్లు ఆలోచించి గానీ ఇవ్వరు. ఆ సమాచారం దాస్తే వైద్యమే తప్పుదారి పడుతుంది.

రాయగడ_లక్ష్మి
వకీలు గారూ, మీ పోస్టు మా ఆయనకి చూపించాను. వెళ్దామన్నారు. రాయగడ నుంచి బరంపురం ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీకి వెళ్ళాలా, విశాఖ వెళ్ళాలా? ఆయనకి ఒడియా మాట్లాడ్డం వచ్చు గానీ మనసులో మాట తెలుగులోనే చెప్పుకోగలరు.

ఇచ్ఛాపురం_కౌన్సెలర్
అయితే విశాఖ వెళ్ళండమ్మా, మీకు రైలు నేరుగా ఉంది. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది, తెలుగులోనే మాట్లాడవచ్చు. కౌన్సెలింగ్‌లో మాటే మందు, కాబట్టి భాష గురించి మీరు ఆలోచించడం సబబే. ఈలోగా ఆయనకి దిగులు మరీ ఎక్కువైనా, బతకాలని లేదన్న మాట నోటివెంట వచ్చినా ఆగకుండా 14416కి చెయ్యండి. అది టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఏ వేళనైనా ఎత్తుతారు, భాష ఎంచుకోవచ్చు. డీఅడిక్షన్ కోసం ప్రత్యేకంగా 14446 ఉంది. విశాఖ వెళ్ళేటప్పుడు ఈ రెండు వారాల్లో ఏ రోజు తీసుకున్నారు, ఏ రోజు తీసుకోలేదు అన్నది ఒక కాగితం మీద ఆయన చేతనే రాయించి తీసుకెళ్ళండి. మొదటి రోజు డాక్టరు అడిగేది అదే.